కదలని పెట్టెకు గాలి దారి ఎందుకు?

యాలాల్‌లోని మా ఇంట్లో పాట ఎప్పుడు ఆగబోతుందో కొన్నాళ్ళకు నాకు ముందే తెలిసిపోయేది. వంటింట్లో మైక్రోవేవ్ తిరిగితే ఆగేది. చుట్టుపక్కల పిల్లలు బడి నుంచి వచ్చి ఫోన్లు పట్టుకుంటే ఆగేది. ఒక్కోసారి ఏ కారణమూ కనబడకుండానే, చరణం ముగిసి పల్లవి అందుకోబోయే చోట గుటక మింగినట్టు ఆగి, కాసేపటికి మళ్ళీ కదిలేది. అమ్మ ఓనాడు విసుక్కుంది: "క్యాసెట్ చిక్కువడితె పెన్సిల్ వెట్టి తిప్పేటోళ్ళం. మరి దీనికేం వెట్టి తిప్పాలె బిడ్డా?"

ఇంట్లో మ్యూజిక్ సర్వర్ పెట్టుకున్నవాళ్ళు ఏదో ఒకరోజు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు. వైఫై మీదనే నెట్టుకురావాలా, గోడకు బొక్క కొట్టి వైరు లాగాలా? అడిగితే తలా ఒక మాట చెప్తారు. మంచి రూటర్ కొంటే చాలంటారు ఒకరు. వైరు వేస్తే పాట రుచే మారిపోతుందంటారు ఇంకొకరు. గోడ ముట్టకుండానే పనయ్యే మార్గాలున్నాయంటారు మరొకరు. ఈ మాటలన్నీ ఒకచోట చేర్చి, వాటిలో ఏది నిలుస్తుందో, బండలతో కట్టిన తాండూరు వైపు ఇళ్ళకు ఏది పనికొస్తుందో చూద్దాం.

పెట్టెలో ఏముంది

మ్యూజిక్ సర్వర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. పాటల ఫైళ్ళున్న ఒక హార్డ్‌డిస్క్, దాన్ని నడిపే ఒక చిన్న కంప్యూటరు. మా ఇంట్లోది అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై. స్పీకర్ల దగ్గరుండే ప్లేయరు ఫలానా పాట కావాలని అడుగుతుంది, సర్వరు తీసి పంపుతుంది. దీనికి బయటి ఇంటర్నెట్‌తో పనిలేదు. ఊళ్ళో నెట్ బందయినా ఇంట్లో పాట నడుస్తుంది.

ఫోన్లో లక్షల పాటలుండగా ఈ తంటా ఎందుకంటే, అక్కడ లేనివి ఇంట్లో ఉన్నాయి కనుక. వాడకట్టు ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతుంటే టేప్‌రికార్డర్ దగ్గరపెట్టి పట్టిన పాటలు, గుళ్ళో భజనలు, రేడియో నుంచి ఎత్తుకున్న నాటకాలు, కన్నడ సరిహద్దు కాబట్టి అటు నుంచి వచ్చిన వచన గీతాలు, ఉర్దూ కవ్వాలీలు. ఏ కంపెనీ జాబితాలోనూ ఇవి దొరకవు. క్యాసెట్ల నుంచి ఒక్కొక్కటీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫ్లాక్ ఫైళ్ళుగా దాచాం. ధ్వనిలో ఏ ముక్కా పారేయకుండా ఫైలును మడిచిపెట్టే పద్ధతి ఫ్లాక్. అది 2001లో వచ్చింది.

ఈ రకం ఏర్పాటు మొదలైందీ ఆ ఏడాదే. స్లిమ్ డివైసెస్ అనే అమెరికన్ సంస్థ 2001లో స్లింప్3 అనే ప్లేయర్ తెచ్చింది. దానికి వైఫై లేదు. నెట్‌వర్క్‌లో కలవాలంటే వెనకాల కేబుల్ గుచ్చాల్సిందే. 2003లో వచ్చిన స్క్వీజ్‌బాక్స్‌తో గాలి దారి తెరుచుకుంది. 2006లో ఆ సంస్థను లాజిటెక్ కొన్నది, 2012లో ఆ ప్లేయర్లకు మంగళం పాడింది. కానీ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎవరైనా తెరిచి మార్చుకోగలిగినది కావడంతో అభిమానులు దాన్ని చావనివ్వలేదు. 2024 నుంచి దాని పేరు లిరియాన్ మ్యూజిక్ సర్వర్. మా పెట్టెలో నడిచేదీ అదే.

పాట బరువెంత

మొదటి వాదన: ఈ కాలపు వైఫైకి పాట ఒక లెక్కా? లెక్క వేసే చూద్దాం. సీడీలో ఒక్క సెకను పాటకు 44,100 నమూనాలు. ఒక్కోటి 16 బిట్లు. ఎడమ, కుడి కలిపి రెండు చానళ్ళు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు, అంటే 1.4 మెగాబిట్లు. ఫ్లాక్‌గా మడిస్తే ఇంకా తగ్గుతుంది. స్టూడియో నాణ్యత పేరుతో అమ్మే 24 బిట్ల, 192 కిలోహెర్ట్జ్ ఫైలును మడవకుండా పంపినా 9.2 మెగాబిట్లే. రూటర్ అట్టపెట్టె మీదేమో 300, 1200 అని రాసి ఉంటుంది. వేగానికి కొదవ లేదన్న మాట నిజమే.

మరి పాట ఎందుకు ఆగుతుంది? ఇంటి మీది నీళ్ళ ట్యాంకును తలచుకోండి. రోజంతా కలిపి చూస్తే సరిపడా నీళ్ళు వచ్చినట్టే ఉంటుంది. మోటారు ఆగి ఆగి పోస్తే మాత్రం చిన్న ట్యాంకు మధ్యలోనే అడుగంటుతుంది. ప్లేయరులోనూ అలాంటి చిన్న ట్యాంకు ఒకటుంది, బఫర్ అంటారు. సర్వరు నుంచి వచ్చే ధార కొన్ని క్షణాలు తెగినా లోపలి నిల్వతో పాట నడుస్తుంది. నిల్వ అయిపోయేదాకా తెగితే ఇక మౌనమే. పాటకు కావలసింది సన్నదైనా సరే, తెగని ధార. అట్టపెట్టె మీది అంకె ధార లావెంతో చెప్తుంది, తెగుతుందో లేదో చెప్పదు.

ఒకే గాలి, రెండు ప్రయాణాలు

వైఫైలో ఒక చానల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. రచ్చబండ మీద పంచాయితీలాగా మిగిలినవాళ్ళు విని, సందు దొరికాక నోరు తెరవాలి. ఇద్దరు ఒకేసారి అందుకుంటే ఇద్దరి మాటా పోతుంది, మళ్ళీ చెప్పాలి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగిన చానళ్ళు 1, 6, 11, ఈ మూడే. మన రూటరూ, పక్కింటి రూటరూ, బ్లూటూత్ స్పీకరూ అక్కడే సర్దుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. అది తిరిగినప్పుడల్లా పాట ఆగడంలో వింతేమీ లేదు.

చాలామంది గమనించని మెలిక ఇంకొకటుంది. సర్వరూ వైఫై మీదే, ప్లేయరూ వైఫై మీదే ఉంటే ఒకే పాట గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. సర్వరు నుంచి రూటరుకు ఒకసారి, రూటరు నుంచి ప్లేయరుకు మరోసారి. మూడు గదుల్లో మూడు ప్లేయర్లు పాడుతుంటే ఆరు ప్రయాణాలు. ఒక్క సర్వరును వైరుకు మారిస్తే ప్లేయర్ల జోలికి పోకుండానే ఆరు కాస్తా మూడవుతాయి. ఒక్క కేబుల్ ముక్కతో గాలి మీది బరువు సగం దిగిపోతుంది.

ఇంటిదొంగ ఒకడున్నాడు. యూఎస్‌బీ 3.0 తీగల నుంచీ డిస్కుల నుంచీ వెలువడే రొద 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మీద పడి, దగ్గర్లోని వైర్‌లెస్ పరికరాలకు చెవుడు తెప్పిస్తుందని 2012లో ఇంటెల్ సంస్థే ఒక పత్రంలో వివరించింది. మ్యూజిక్ సర్వర్‌లో హార్డ్‌డిస్క్ సాధారణంగా యూఎస్‌బీ 3.0 మీదే ఉంటుంది, వైఫై యాంటెనా దానికి జానెడు దూరంలోనే. పాటను తీసిచ్చే పరికరమే పాట దారికి అడ్డం పడుతుందన్నమాట. దీనికి తోడు, కరెంటు పొదుపు కోసం వైఫై చిప్పు మధ్యమధ్య కునుకు తీస్తుంది. ఆ కునుకును సెట్టింగుల్లో మాన్పించవచ్చు, డిస్కును మూరెడు దూరం జరపవచ్చు. ఖర్చులేని మందులు కాబట్టి వైరు కొనేముందు ఇవి చేసి చూడాలి. నేనూ చేశాను. ఆగడం తగ్గింది, పోలేదు.

బండ గోడ, దామగుండం

పోకపోవడానికి కారణం గోడ. కాగ్నా వాగు పొడుగునా మా వైపు నేల కింద సున్నపురాయి పొరలు పేర్చిపెట్టినట్టు ఉంటాయి. తవ్వితే బండ, కోస్తే నాపరాయి. నేలకు అదే, గోడకు అదే, పాత ఇళ్ళలో కప్పుకూ అదే, కొన్ని చేల గట్ల మీద కంచె కూడా అదే. ఎండాకాలం ఇంటిని చల్లగా ఉంచే మూరెడు గోడే వైఫైకి గండం. 2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ అలది దాదాపు 6. పొట్టి అల అలాంటి గోడలో తొందరగా అలసిపోతుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చానళ్ళు ఎక్కువ, రద్దీ తక్కువ. 2018లో మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగలిగిన భాగాన్ని ఇంకా పెంచారు కూడా. ఆ ఖాళీ రోడ్డు మా ఇంట్లో రెండో గోడ దగ్గరే అయిపోతుంది.

దీనికి ఉల్టా ఉదాహరణ మా వికారాబాద్ జిల్లాలోనే రాబోతోంది. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ వీఎల్ఎఫ్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. తమిళనాడులోని ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇది రెండోది. అడవి సంగతేమిటన్న చర్చ గట్టిగానే జరిగింది. సముద్రం కనుచూపు మేరలో లేని చోట నౌకాదళానికేం పని అని ఊళ్ళల్లో అడిగినవాళ్ళూ ఉన్నారు. వీఎల్ఎఫ్ అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ అలలు. ఒక్కో అల పొడవు 10 నుంచి 100 కిలోమీటర్లు. అవి వేల కిలోమీటర్లు పోయి, సముద్రపు నీటిలోకి కూడా కొంత లోతు దిగి జలాంతర్గామిని అందుకుంటాయి. కానీ అంత బారు అల మీద పొట్టి సందేశాలు పంపగలమే గానీ పాట పంపలేం. చొచ్చుకుపోయే అల ఎక్కువ మోయదు, ఎక్కువ మోసే అల చొచ్చుకుపోదు. ఎంత ఖరీదు పెట్టి కొన్న రూటరైనా ఈ బేరాన్ని తప్పించుకోలేదు. అపార్ట్‌మెంట్‌లో సన్నటి ఇటుక గోడలుంటే మంచి రూటర్ సలహా పనిచేయవచ్చు. బండ ఇంట్లో అది డబ్బు దండగ.

వైరు ముందా, గాలి ముందా

వైరు పాతకాలపు పద్ధతి, వైర్‌లెస్ కొత్తది అనే మాట ఒకటి తరచూ వినబడుతుంది. చరిత్ర అలా లేదు. హవాయిలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లోనే దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపి అలోహానెట్ నడిపింది. అందరూ ఒకే రేడియో దారిలో మాట్లాడడం, మాటలు ఢీకొంటే కాసేపాగి మళ్ళీ చెప్పడం దాని పద్ధతి. రాబర్ట్ మెట్‌కాఫ్ దాని నుంచే ఆలోచన అందుకుని, డేవిడ్ బాగ్స్‌తో కలిసి జిరాక్స్ పరిశోధనశాలలో ఈథర్నెట్‌కు రూపమిచ్చాడు. ఆ ఏడాది 1973. అంటే ఈ వంశంలో గాలి అన్న, వైరు తమ్ముడు.

తొలి ఈథర్నెట్‌లోనూ అందరికీ ఒకటే తీగ, అక్కడా ఢీకొట్లాటే. తర్వాత స్విచ్‌లు వచ్చి ప్రతి పరికరానికీ దాని తీగ దానికిచ్చి, రాకపోకలు రెండూ ఒకేసారి సాగే వీలు కల్పించాయి. తమ్ముడు ఆస్తి పంచుకుని వేరుపడ్డాడు. అన్న మాత్రం గాలిని ఎవరికీ పంచివ్వలేక ఉమ్మడి కాపురంలోనే ఉండిపోయాడు.

రుచి మారుతుందా

రెండో వాదన శ్రోతల్లో కాస్త తలపండినవాళ్ళది. వైరు వేశాక గొంతులో తీయదనం పెరిగిందని, వీణ తీగ మీద వేలు కనబడుతోందని అంటారు. వేలకు వేలు పోసి ప్రత్యేక నెట్‌వర్క్ కేబుళ్ళు కొనేవాళ్ళున్నారు. ఇక్కడ నేను వాళ్ళతో కలవలేను. సర్వరు నుంచి పాట పొట్లాలు పొట్లాలుగా వస్తుంది. పొట్లం పోయినా చెడినా మళ్ళీ పంపించుకునే ఏర్పాటు ఉంది. ప్లేయరు వాటిని వరసలో పేర్చి బఫర్‌లో పెట్టుకున్నాక అవి గాలిలో వచ్చాయో వైరులో వచ్చాయో చెప్పే గుర్తేదీ మిగలదు. పాట వస్తే ఉన్నదున్నట్టు వస్తుంది, లేదంటే ఆగుతుంది. మధ్యలో పలచబడడం ఉండదు. బ్లూటూత్ సంగతి వేరు, అది పాటను మళ్ళీ కుదించి పంపుతుంది. దాన్ని చూసి వైఫైని తిట్టడం అన్యాయం.

వైరు వల్ల వినికిడికి నిజంగా లాభం కలిగే చోటు ఒకటుంది, గది గదిలో ఒకే పాట కలిసి పాడించేటప్పుడు. నడింట్లో, వంటింట్లో ప్లేయర్ల మధ్య కొన్ని పదుల మిల్లీసెకన్ల తేడా వచ్చినా తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకు ప్రతిధ్వనిలా వినిపిస్తుంది. వైరులో ఆలస్యం అతిస్వల్పం, పైగా నిలకడగా ఉంటుంది. గాలిలో క్షణక్షణం మారుతుంది. నష్టం కలిగే చోటూ ఉంది. లోహపు తొడుగున్న షీల్డెడ్ కేబుల్ వేస్తే రెండు పెట్టెల ఎర్తింగ్ దాని గుండా కలిసి స్పీకర్లలో సన్నని గుంయ్ మనే రొద పుట్టవచ్చు. ఇంటి పనికి తొడుగులేని మామూలు కేబులే మేలు.

గోడ ముట్టని దారులు

మూడో వర్గం మధ్యేమార్గం చెప్తుంది. మెష్ పెట్టెలు ఒకటి. గదికొకటి పెడితే ఒకదానికొకటి పాటను అందించుకుంటాయి. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, కానీ పెట్టె నుంచి పెట్టెకు పోయేది మళ్ళీ గాలిలోనే. ప్రయాణాలు తగ్గవు సరికదా పెరుగుతాయి. వాటిని వైరుతో కలిపితే అద్భుతంగా ఉంటాయి. అయితే వైరు లాగేదే అయితే ఆ వైరును నేరుగా సర్వరుకే ఇవ్వవచ్చు.

రెండోది ఇంటి కరెంటు తీగల మీదనే డేటా పంపే పవర్‌లైన్ అడాప్టర్లు. రెండు ప్లగ్గులు గుచ్చితే పనైపోతుంది, కుదిరితే. గదులు వేర్వేరు ఫేజుల మీద ఉన్నా, మధ్యలో ఇన్వర్టర్ ఉన్నా, బోరు మోటారు తిరిగినా ధార చెదురుతుంది. ఒక్కో గదికి ఒక్కో కాలంలో వైరింగు చేసిన పల్లెటూరి ఇంట్లో ఇది లాటరీ టికెట్టు. తిరిగిచ్చే వీలుంటేనే కొనాలి.

దర్జులో బొక్క

చివరికి గోడ దగ్గరికే వచ్చాం. వైరింగు చేసే అబ్బాయి డ్రిల్లింగ్ మిషన్ దించి, గోడ మీద చెయ్యి ఆనించి చూశాడు. "బండకు కొడితె పలుగుతది సార్. దర్జులకెళ్ళి తీస్కుందాం." రాయికీ రాయికీ మధ్య నింపిన సందును మా వైపు దర్జు అంటారు. ఎక్కడ కొట్టాలో పెన్సిల్‌తో గీత పెట్టాం. పక్కనే నిలబడ్డ అమ్మ ఆ పెన్సిల్ చూసి నవ్వింది. బయటి గోడకైతే బొక్క బయటి వైపు కాస్త కిందికి వాలేట్టు కొట్టాలి, అప్పుడే వాన నీళ్ళు లోపలికి పారవు.

కేబుల్ దగ్గర మోసపోవడం తేలిక. పైకి రాగిలా మెరిసి లోపల అల్యూమినియం ఉండే రకం బజార్లో చౌకగా దొరుకుతుంది. వంచితే విరుగుతుంది, కొన్నాళ్ళకు జాయింటు దగ్గర పుచ్చుతుంది. కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకి చూడాలి. లోపల తెల్లగా కనబడితే తిరిగిచ్చేయాలి. క్యాట్ 5ఈ రకం ఇంటికి సరిపోతుంది, క్యాట్ 6 అయితే ముందుచూపు. పొడవు 100 మీటర్లు దాటకూడదు. ఏ ఇంటికైనా అది ధారాళం. కరెంటు తీగలున్న పైపులోనే దీన్నీ దూర్చడం తప్పు, వేరే పట్టీ వేయించాలి.

కేబుల్ విప్పితే ఎనిమిది పోగులు, నాలుగు జతలు. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఈ వరసలో పేర్చి, కొసలు సమంగా కత్తిరించి, జాక్‌లో దూర్చి నొక్కాలి. రెండు కొసలా అదే వరస. సెకనుకు 100 మెగాబిట్లకు నారింజ, ఆకుపచ్చ జతలు రెండే చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ఒక గోధుమ పోగు తెగితే చాలా పెట్టెలు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. పాటకు అది తెలియనే తెలియదు. తెలిసేది లాప్‌టాప్ నుంచి పాటలు ఎక్కించేటప్పుడు. 400 గిగాబైట్ల భాండాగారం 100 మెగాబిట్ల మీద ఎక్కాలంటే దాదాపు 10 గంటలు, గిగాబిట్ మీద సుమారు గంట.

వైరుకూ శత్రువులున్నారు

వైరు పక్షం వాళ్ళు చెప్పని మాటలు కొన్ని. ఎలుకలు కేబుల్ కొరుకుతాయి. కోతులు బయటి తీగ పట్టుకుని ఊగుతాయి. అన్నిటికన్నా పెద్దది పిడుగు. నెట్‌వర్క్ పోర్టు లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 1,500 వోల్టుల దాకా కాచుకునేలా ఉంటుంది. దగ్గర్లో పిడుగు పడితే ఆరుబయట సాగిన రాగి తీగలో అంతకు ఎన్నో రెట్లు పుట్టవచ్చు. అందుకే ఇంటి నుంచి కొట్టానికి గానీ, వాకిలి అవతలి గదికి గానీ రాగి కేబుల్ లాగకూడదు. తప్పదనుకుంటే ఫైబర్ వేయాలి. గాజు పోగు కరెంటును మోయదు, రెండు కొసలా మీడియా కన్వర్టర్లు పెడితే చాలు. గోడల లోపలే తిరిగే పది పదిహేను మీటర్ల కేబుల్‌కు అంత భయం అక్కర్లేదు.

కరెంటు పోయినప్పుడు సర్వరు, రూటరు, స్విచ్ మూడూ ఒకే ఇన్వర్టర్ మీద ఉండాలి. ఒకటి ఆరిపోయినా మిగిలిన రెండూ వెలిగి లాభం లేదు. పాటలు ఎక్కిస్తుండగా కరెంటు పోతే డిస్కులోని ఫైళ్ళు చెడే ప్రమాదమూ ఉంది.

మారిన రోజున ఇంకో తికమక. కేబుల్ గుచ్చగానే ప్లేయర్లన్నీ సర్వరు కనబడడం లేదన్నాయి. వైఫైకి, వైరుకు పెట్టెలో వేర్వేరు గుర్తింపు సంఖ్యలుంటాయి కాబట్టి రూటర్ దానికి కొత్త చిరునామా ఇస్తుంది. రూటర్ సెట్టింగుల్లో వైరు గుర్తింపుకు ఒక శాశ్వత చిరునామా కేటాయించి, సర్వరులో వైఫైని పూర్తిగా కట్టేయాలి. రెండూ తెరిచి ఉంచితే ఒక్కోసారి పాట పాత దారే పట్టి, వైరు వేసినా ఆగుతోందేమని తల గోక్కునేలా చేస్తుంది.

తేలిందేమిటి

కేంద్రం 2011లో ఆమోదించిన ఆప్టికల్ ఫైబర్ పథకం తర్వాత భారత్‌నెట్ అయింది. తెలంగాణలో టీ-ఫైబర్‌కు మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే కేబుల్ వేసే దారి ఎంచుకున్నారు. ఊరూరికీ తీగ చేర్చడానికి ఇంత మన్ను తవ్వుతుంటే, ఆ తీగ గుమ్మం దాకా వచ్చాక చివరి పది మీటర్లు మనం గాలికి వదిలేస్తున్నాం.

వైరా, గాలా అని మొత్తం ఇంటిని తాకట్టు పెట్టి తేల్చుకునే పని లేదు. కదిలేవాటికి గాలి, కదలనివాటికి వైరు. సర్వరు కొన్నప్పటి నుంచి అదే అలమరలో ఉంది, ఎటూ కదలదు. అందుకని మొదటి వైరు దానికే. ఒక్క దీనితోనే చాలా ఇళ్ళలో పాట ఆగడం మానుకుంటుంది. ఇంకా ఆగితే నడింటి ప్లేయరుకు రెండో వైరు. చేతిలో తిరిగే ఫోనుకు, ఆరుబయటి స్పీకరుకు గాలే సరి. వేగం పెరుగుతుందనో రుచి మారుతుందనో వైరు వేస్తే నిరాశే. పాట తెగకూడదని వేస్తే మాత్రం పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుతుంది.

మా ఇంట్లో రెండు వైర్లతో ఆగాం. పిడుగు భయానికి కొట్టంలో స్పీకరును గాలి మీదే ఉంచాను, అక్కడ పాట ఇప్పటికీ అప్పుడప్పుడు ఆగుతుంది. అమ్మ ఇప్పుడు నన్ను పిలవదు. పాలచెంబు కింద పెట్టి, ఆగిన చోటి నుంచి తానే అందుకుంటుంది. ఆ బతుకమ్మ టేపులో ఉన్న గొంతుల్లో ఒకటి ఆమెదే.